సూది పనిచేయని రోజొస్తే...

జ్వరమొస్తే ఓ సూది, నాలుగు మాత్రలు. రెండోరోజుకి మళ్లీ చేలో పని. కరవు సీమ పల్లెల్లో ఏళ్లుగా వైద్యమంటే చాలామందికి తెలిసింది ఇదే. ఆ సూదికీ ఆ మాత్రకీ లొంగని బ్యాక్టీరియా ఇప్పుడు పెద్దాసుపత్రుల ఐసీయూల్లో తిష్ఠవేసింది. అదంతా అక్కడే పుట్టిందనుకుంటే పొరపాటే. మన ఊళ్ల నుంచీ బస్సెక్కి వెళ్లింది!

శింగనమల. అనంతపురంలో బస్సెక్కితే గంటలోపే వచ్చే మండల కేంద్రం. పక్కనే శ్రీరంగరాయల చెరువు. నిండితే జిల్లాలోని పెద్ద చెరువుల్లో అదొకటి. నిండాలి కదా! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. వేరుసెనగ రైతుకు అదునే ప్రాణం. విత్తనం వేయాల్సిన వారంలో ఇంటి పెద్ద మంచమెక్కితే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. కూలికెళ్లే వాళ్లయితే పడుకున్న రోజు కూలి పోయినట్లే.

అందుకే ఇలాంటి ఊళ్లలో జ్వరమొస్తే 'ఇదేం రోగం' అని అడిగేవాళ్లు తక్కువ. 'ఎప్పుడు తగ్గుతుంది' అన్నదే అందరి ప్రశ్న. "అన్నా, ఒక సూది వెయ్యన్నా, పొద్దున్నే చేనికి పోవాల..." ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీని ఈ మాట అడగని కుటుంబం అరుదు. ఆయన్ని తప్పుపట్టడం తేలికే. కానీ అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే. డబ్బులు పంట వచ్చాక ఇమ్మనేదీ ఆయనే. చిక్కల్లా ఆయన చేతిలోని మందుతోనే. ఎవరికి, ఏ జబ్బుకి, ఎన్నాళ్లు వాడాలో తేల్చుకోకుండా వాడితే ఆ మందు ఒకరోజు ఎవరికీ పనిచేయకుండా పోతుంది. ఆ రోజు ఎప్పుడో రాబోయేది కాదు. కొన్ని మందుల విషయంలో వచ్చేసింది కూడా.

మెట్టుమెట్టుకీ కొత్త మందు

మామూలుగా జరిగే తంతు ఎలా ఉంటుందో చూద్దాం. ఒకరికి జ్వరం. మొదటిరోజు ఊళ్లోనే ఓ సూది, అమాక్సిసిలిన్ మాత్రలు. అవీ పూర్తి మోతాదు కాదు. పదిమాత్రల షీటులో నాలుగు కోయించుకుని, ఒళ్లు తేలికపడగానే మిగిలిన రెండూ అటకమీద డబ్బాలో వేసేస్తారు. మూడోరోజు జ్వరం తిరగబెడుతుంది. ఈసారి మెడికల్ షాపులోనే 'కొంచెం పవరుండేది' అడిగి తెచ్చుకుంటారు. సిప్రోఫ్లాక్సాసినో, సెఫిక్సిమో చేతికొస్తుంది. అయిదోరోజు పట్నంలో నర్సింగ్ హోమ్. గ్లూకోజు ఎక్కిస్తూ అందులోంచే సెఫ్‌ట్రయాక్సోన్. అప్పటికీ తగ్గకపోతే పెద్దాసుపత్రి... అక్కడ మెరోపెనెమ్. అంటే వారం తిరిగేసరికి రోగి దశాబ్దాల యాంటీబయాటిక్స్ చరిత్రనంతా ఒంట్లోకి ఎక్కించుకున్నాడన్నమాట!

ఇంతకీ ఈ నాలుగు మెట్లలో ఎక్కడైనా అది ఏ క్రిమి వల్ల వచ్చిన జ్వరమో పరీక్షించారా? చాలాసార్లు లేదనే సమాధానం వస్తుంది. అసలు అది వైరల్ జ్వరమైతే ఈ మందుల్లో ఒక్కటీ అవసరం లేదు. జలుబు, ఫ్లూ, డెంగీ... ఇవన్నీ వైరస్‌ల వల్ల వచ్చేవి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. నాలుగైదు రోజులకు తనంతట తానే తగ్గే జ్వరానికి మూడోరోజు మాత్ర వేసుకుని, అయిదోరోజు తగ్గితే ఆ పేరు మాత్రకు వెళ్తుంది. మరోసారి జ్వరమొస్తే మళ్లీ అదే మాత్ర!

చివరికి పెద్దాసుపత్రిలో రక్తం తీసి 'కల్చర్' పరీక్షకు పంపినా ఫలితం సరిగా రాకపోవచ్చు. అప్పటికే ఒంట్లో ఉన్న మందుల వల్ల రక్తంలోని క్రిమి పరీక్షనాళికలో పెరగదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు కానీ వేలిముద్రలు మాత్రం మనమే తుడిచేశాం!

పత్తి రైతు చెప్పే పాఠం

యాంటీబయాటిక్స్‌కి బ్యాక్టీరియా ఎలా అలవాటు పడుతుందో అర్థం చేసుకోవడానికి వైద్యశాస్త్రం చదవక్కర్లేదు. తెలుగునాట రైతులకు ఆ పాఠం చేదుగానే తెలుసు. 1980లలో పత్తి మీద శనగపచ్చ పురుగును చంపడానికి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులొచ్చాయి. మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. దాంతో అందరూ అవే కొట్టారు... మళ్లీ మళ్లీ కొట్టారు. 1987 వచ్చేసరికి కోస్తా పత్తి చేలల్లో ఎన్నిసార్లు పిచికారీ చేసినా పురుగు చావడం మానేసింది. రైతులు కోలుకోలేని దెబ్బతిన్నారు. మందుకు తట్టుకోగల నాలుగు పురుగులు ముందునుంచీ చేలో ఉన్నాయి. మందు మిగతావాటిని చంపి చేనంతా వాటికి అప్పజెప్పింది. అంతే!

ఒంట్లోనూ జరిగేది ఇదే. తేడా అల్లా వేగంలోనే. పురుగు తరం మారడానికి వారాలు పడుతుంది. మన పేగుల్లో ఉండే ఈ-కొలై బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఆ లెక్కన ఒక్క క్రిమి పదిగంటల్లో వంద కోట్లు దాటుతుంది. అన్ని కోట్లలో ఎక్కడో ఒకదానికి జన్యువులో చిన్న మార్పు వచ్చి మందును తట్టుకునే శక్తి వస్తే చాలు. మందు పడగానే మిగతావి చస్తాయి, అదొక్కటే మిగిలి సంతానాన్ని పెంచుకుంటుంది.

బ్యాక్టీరియాకు ఇంకో విద్య కూడా తెలుసు. మందును ఎదుర్కొనే జన్యువును 'ప్లాస్మిడ్' అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో పెట్టి పక్కనున్న క్రిమికి ఇచ్చేయగలదు. ఆ పక్కది తన జాతిదే కానక్కర్లేదు. పరీక్షలో పక్కవాడికి చీటీ అందించినట్లు! అందుకే పేగుల్లో మనకే హానీ చేయకుండా బతికే క్రిమి నేర్చుకున్న విద్య, రేపు ప్రాణం తీసే క్రిమి చేతికి చిక్కొచ్చు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అనవసరంగా వేసుకున్న యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి మొండివాటికి చోటిస్తుంది. ఆ మనిషికి జబ్బేమీ ఉండదు. పనిపాటలు చేసుకుంటూనే ఉంటాడు. కానీ నెలల తరబడి మొండి క్రిములను మోస్తుంటాడు. ఏ కాలు విరిగో, కాన్పుకో, గుండె జబ్బుకో ఆసుపత్రిలో చేరినప్పుడు అవి కూడా అతనితోపాటు చేరిపోతాయి... అడ్మిషన్ చీటీ లేకుండానే.

గొట్టాల దారి, చేతుల సవారీ

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది? ఆరోగ్యవంతుడి చర్మం గట్టి కోటగోడ లాంటిది. ఐసీయూలో ఆ గోడకు అడుగడుగునా కన్నాలు పెట్టక తప్పదు. ఊపిరికి ఒక గొట్టం, మూత్రానికి ఒకటి, మందులకు మెడలో ఒకటి. రోగిని బతికించడానికి పెట్టిన ప్రతి గొట్టమూ క్రిములకు ఓ దారి. పైగా అక్కడ రోజంతా రకరకాల యాంటీబయాటిక్స్ వాడతారు కాబట్టి బలహీనమైన క్రిములు మిగలవు. మిగిలేవన్నీ మొండివే.

వీటిలో ఎసినిటోబ్యాక్టర్ అనేది మరీ గడుసుది. మంచం రెయిలింగ్, బీపీ చూసే పట్టీ, మానిటర్ మీటలు... ఎక్కడైనా ఎండిపోయి కూడా వారాల తరబడి బతకగలదు. సూడోమోనాస్‌కు సింకులూ తేమ ఉండే చోట్లూ ఇష్టం. క్లెబ్సియెల్లా రోగి పేగుల్లో కాపురం పెడుతుంది. ఇవి ఒక మంచం నుంచి మరో మంచానికి ఎగిరి వెళ్లవు. వాటి ప్రధాన వాహనం మనిషి చెయ్యే. డాక్టరు చెయ్యి, నర్సు చెయ్యి, ఆయా చెయ్యి... రోగి బంధువు చెయ్యి.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1847లోనే వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వీస్ అనే వైద్యుడు కనిపెట్టాడు. కాన్పు చేసే ముందు డాక్టర్లు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కునేలా చేస్తే బాలింత మరణాలు గణనీయంగా తగ్గిపోయాయి. అప్పటికి యాంటీబయాటిక్ అన్న మాటే పుట్టలేదు! ఇప్పటికీ మొండి బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి ఉన్న మార్గాల్లో చేతులు కడుక్కోవడమంత చవకైనది మరొకటి లేదు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అయితే ఒకే నర్సు డజన్ల కొద్దీ మంచాలను చూసుకోవాల్సిన వార్డులో ఆ అరనిమిషమే అపురూపమవుతోంది.

ఉయ్యాల దాకా వచ్చిన ముప్పు

ఈ మొండి క్రిములకు మొదట బలయ్యేది ఎవరు? అప్పుడే పుట్టిన పిల్లలు. 2011 నుంచి 2014 వరకూ ఢిల్లీలోని మూడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ఐసీయూల్లో చేరిన 13,530 మంది పిల్లలను పరిశీలించారు. ఆ ఫలితాలు 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకిన పిల్లల్లో ఎక్కువగా కనిపించింది ఎసినిటోబ్యాక్టరే. అందులోనూ 82 శాతం ఒకటి కంటే ఎక్కువ రకాల మందులకు లొంగనివి. ఇంకా దిగులు పుట్టించే విషయం... దాదాపు మూడింట రెండొంతుల ఇన్‌ఫెక్షన్లు పుట్టిన మూడురోజుల్లోపే వచ్చాయి. అంటే పిల్లలు కళ్లు తెరిచేలోపే వాటి బారిన పడ్డారన్నమాట.

ఢిల్లీ సంగతి మనకెందుకు అనుకోవడానికి లేదు. శింగనమల ఉన్న ప్రాంతం మీదే అధ్యయనాలున్నాయి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ప్రారంభించిన ఆర్‌డీటీ సంస్థకు బత్తలపల్లిలో ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల కరవు మండలాల పేదలు ఎక్కువగా వచ్చేది అక్కడికే. ఆ ఆసుపత్రి వైద్యులు 2012లో ఓ పరిశోధన ప్రచురించారు. సెఫలోస్పోరిన్ రకం మందులకు లొంగని ఈ-కొలై వల్ల కలిగే మరణాల గురించి అది. గమనించాల్సిందేంటంటే వాళ్లు చూసింది ఆసుపత్రిలో చేరాక క్రిమి అంటుకున్న వాళ్లను కాదు. బయటినుంచే దాన్ని తెచ్చుకున్న రోగులను! పల్లెప్రాంతపు ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ ఎంత ఎక్కువగా రాస్తున్నారో చెబుతూ 2014లో మరో అధ్యయనం చేశారు. తమ చీటీలనే తాము లెక్కపెట్టుకుని లోకం ముందు పెట్టడం చిన్న విషయం కాదు. జబ్బు దాచుకుంటే తగ్గదని వైద్యులకు వేరే చెప్పాలా!

భీమవరం బిడ్డ ఇచ్చిన ఆయుధం

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనిపెట్టాడు. 1945లో నోబెల్ అందుకుంటూ ఆయన చేసిన ప్రసంగంలో పొగడ్తల కంటే హెచ్చరికే గుర్తుండిపోయింది. గొంతునొప్పి వచ్చిన ఓ పెద్దమనిషి తనంతట తానే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడితే ఏమవుతుందో కథలా చెప్పాడు. క్రిమి చావదు, మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. అది అతని భార్యకు అంటుకుంటే అప్పుడు పెన్సిలిన్ ఆమెను కాపాడలేదు. తప్పు చేసింది ఒకరు, ప్రాణం పోయింది మరొకరిది. ఎనభై ఏళ్లు దాటినా ఆ కథ పాతబడలేదు.

ఈ ఆయుధాగారంలో తెలుగువాడి వాటా కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందులషాపుల ముందు బారులు తీరింది ఈ టెట్రాసైక్లిన్ కోసమే.

ఆయుధాలు ఎంత త్వరగా మొద్దుబారాయో చెప్పడానికి మనందరికీ తెలిసిన టైఫాయిడ్ చాలు. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి దాని కోరలు పీకింది. 1972లో కేరళలోని కోళికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తర్వాత యాంపిసిలిన్ పోయింది. ఆపైన వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ కూడా మన దేశంలో చాలావరకు పనిచేయడం లేదు. ఇక మిగిలినవి సెఫ్‌ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్ లాంటి కొన్నే. పొరుగున పాకిస్థాన్‌లోని సింధు ప్రాంతంలో 2016 నుంచి సెఫ్‌ట్రయాక్సోన్‌కీ లొంగని టైఫాయిడ్ వచ్చింది.

ఆసుపత్రి క్రిములది ఇంకో అడుగు ముందు. వాటికి ఆఖరి అస్త్రంగా దాచుకున్నవి కార్బపెనెమ్ రకం మందులు. 2008లో స్వీడన్‌లో ఒక రోగిలో ఆ మందునే ముక్కలు చేసే ఎంజైమును గుర్తించారు. అతను అంతకుముందు ఢిల్లీలో చికిత్స చేయించుకుని వెళ్లాడు. దానికి ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. ఆ పేరులో న్యూఢిల్లీ ఉండటంతో 2010లో మన దేశంలో పెద్ద దుమారమే రేగింది. మరుసటి ఏడాది 2011లో మరో సంగతి బయటికొచ్చింది. ఢిల్లీలో 50 మంచినీటి కుళాయిల నమూనాలు తీస్తే రెండింటిలో, వీధుల్లో నిలిచిన నీళ్ల నమూనాలు 171 తీస్తే 51 చోట్ల ఆ జన్యువు దొరికింది. అది ఆసుపత్రి గోడ దాటి ఎప్పుడో వీధిలోకి వచ్చేసింది.

మందు మురుగులో కలిస్తే...

తెలుగు నేల మీద ఈ కథకు మరో మలుపుంది. ప్రపంచంలోని చాలా దేశాలకు మందులు వెళ్లేది హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచే. పటాన్‌చెరులో అనేక ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2007లో వెలువడిన ఫలితాలు చూసి ప్రపంచం నివ్వెరపోయింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఒక్కరోజులో ఆ నీటితో పోయే మందు దాదాపు 44 కిలోలు. స్వీడన్ దేశమంతా అయిదురోజులు వాడుకునేంత! అలాంటి నీరు చేరిన చోట బతికే బ్యాక్టీరియా ఆ మందును తట్టుకోవడం నేర్చుకోక ఏం చేస్తుంది?

పశువుల సంగతీ ఉంది. కోళ్లు త్వరగా బరువు పెరగాలనీ, మందలో రోగం రాకూడదనీ దాణాలోనే యాంటీబయాటిక్స్ కలిపే అలవాటు చాలాచోట్ల ఉంది. మనుషులకు ఆఖరి దిక్కుగా వాడే కొలిస్టిన్‌ను సైతం కోళ్లకు వాడారు. 2019 జులైలో కేంద్రం దాన్ని ఆహార జంతువులకు వాడటం నిషేధించింది. అనంతపురం జిల్లాలో వర్షం మొహం చాటేసినప్పుడు ఎంతోమందిని ఆదుకునేది గొర్రెల మందే. దానికి జబ్బు చేస్తే పశువైద్యుణ్ని అడిగి వాడటం మంచిది. ఊహతో వేసే సూదికి మనిషైనా గొర్రైనా ఒకటే ఫలితం.

రెండువైపులా పదునే

ఈ మొండి క్రిముల వల్ల ఎందరు పోతున్నారు? 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఇవే నేరుగా కారణమని 2022లో లాన్సెట్ ప్రచురించిన అంచనా చెబుతోంది. మన దేశంలో ఆ ఏడాది నేరుగా పోయిన ప్రాణాలు దాదాపు 2.97 లక్షలని ఆ పరిశోధకుల లెక్క.

అలాగని యాంటీబయాటిక్స్ అంటేనే భయపడిపోతే అదింకో ప్రమాదం. న్యుమోనియా వచ్చిన పసిబిడ్డకు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకిన బాలింతకు గంటలు ఆలస్యమైతే ప్రాణం పోతుంది. మన దేశంలో విచిత్రమేమంటే అవసరం లేనివాళ్లకు మందు అంగట్లో దొరుకుతోంది, నిజంగా అవసరమైనవాళ్లకు అందడం లేదు. కార్బపెనెమ్‌కు లొంగని ఇన్‌ఫెక్షన్లు 2019లో దేశంలో సుమారు 10 లక్షలు. అందులో సరైన మందు అందింది 7.8 శాతానికేనని 2025లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా వేసింది. ఆ మందుల ఖరీదు కూలి చేసుకునే ఇంటి తాహతుకు మించినది. ఒక్క ఇన్‌ఫెక్షన్‌కు పొలం తాకట్టు పెట్టాల్సి రావచ్చు.

కొత్త మందులు రావా అంటే... వస్తున్నాయి, చాలా నెమ్మదిగా. 2024లో వోకార్డ్ సంస్థ రూపొందించిన నాఫిత్రోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌ను దేశంలో విడుదల చేశారు. అది న్యుమోనియాకు. కానీ కొత్త మందును ఎంత తక్కువగా వాడితే అంత మంచిది కాబట్టి కంపెనీలకు లాభం కనపడదు. అందుకే చాలా పెద్ద కంపెనీలు ఈ రంగాన్నే వదిలేశాయి. ఉన్నవాటిని కాపాడుకోవడం తప్ప దారి లేదు.

ఎర్రగీత చెప్పే మాట

ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. 'షెడ్యూల్ హెచ్1' అనే నిబంధన 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. శక్తిమంతమైన యాంటీబయాటిక్స్ ఉన్న 46 మందుల జాబితా అది. వాటిని చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత ఇచ్చిందీ విడిగా పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. 2016లో 'ఎర్రగీత' ప్రచారం మొదలైంది. మందుల షీటు మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చెప్పకుండా వాడకూడదని అర్థం. కానీ షీటును కోసి నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాక ఆ గీత ఎవరు చూస్తారు?

2017లో దేశమంతటికీ జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2018లో కేరళ రాష్ట్ర స్థాయిలో సొంత ప్రణాళిక చేసుకుంది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాట పట్టింది. కేరళ ఒకడుగు ముందుకేసి 2024 జనవరిలో 'ఆపరేషన్ అమృత్' పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపుల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. చట్టం ఉండటం వేరు, ఎవరో ఒకరు వచ్చి అడగడం వేరు!

ఇక ఆసుపత్రుల్లో చేయాల్సింది తెలియనిదేం కాదు. ప్రతి ఆసుపత్రీ తన దగ్గర ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తోందో ఏటా లెక్క వేసుకోవాలి. దాన్నే 'యాంటీబయోగ్రామ్' అంటారు. కల్చర్ ఫలితం రెండు మూడు రోజుల్లో వస్తుంది. రాగానే పెద్ద మందు ఆపి సరిపోయే చిన్న మందుకు మారాలి. గొట్టాలను అవసరం తీరిన రోజే తీసేయాలి. వీటికి కోట్లు అక్కర్లేదు. జిల్లా స్థాయిలో మంచి ప్రయోగశాల, అందులో పనిచేసే మైక్రోబయాలజిస్టు, వార్డులో ఆగకుండా వచ్చే నీళ్లు... ఇవి చాలు. కరవు జిల్లాలో ఆ ఆఖరిది కూడా చిన్న కోరికేం కాదు.

టీకాలూ ఆయుధాలే. జబ్బే రాకపోతే యాంటీబయాటిక్‌తో పనేముంది? హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా వచ్చింది. మంచినీళ్లు, మరుగుదొడ్డి, టీకా... ఈ మూడూ ఉన్న ఊళ్లో మెడికల్ షాపుకి వెళ్లే దారిలో గడ్డి మొలుస్తుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

* డాక్టరు దగ్గర 'సూది వేయండి' అని పట్టుబట్టొద్దు. 'ఇది వైరల్ జ్వరమా? యాంటీబయాటిక్ తప్పదా?' అని అడగండి. అడగడం మీ హక్కు.

* రాసిన మందు చెప్పినన్ని రోజులు వాడండి. మధ్యలో మానొద్దు, మీ అంతట మీరు పొడిగించొద్దు.

* మిగిలిన మాత్రలు దాచొద్దు. పక్కింటివాళ్లకు పనిచేసిందని మీరు వేసుకోవద్దు. నిరుటి చీటీ ఈ ఏటి జ్వరానికి పనికిరాదు.

* పిల్లలకు నీళ్ల విరేచనాలైతే ముందు కావాల్సింది ఓఆర్ఎస్ ద్రావణం, జింక్. యాంటీబయాటిక్ చాలాసార్లు అక్కర్లేదు. రక్తం పడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

* ఒక్క వైడాల్ పరీక్షతోనే టైఫాయిడ్ అని తేల్చేయడం సరికాదు. మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు పంపితే నమ్మకమైన ఫలితం వస్తుంది.

* మందుల షాపులో షీటు కోయించుకుంటే పేరు, గడువు తేదీ, ఎర్రగీత ఉన్న భాగం చూసి తీసుకోండి. బిల్లు అడగండి.

* ఆసుపత్రిలో మనవాళ్లను చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చోవద్దు. రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. పక్క మంచంలోని వాళ్లకు సాయం చేసినా అంతే. పసిపిల్లల వార్డుకు గుంపుగా వెళ్లొద్దు.

* పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, రొప్పుతున్నా ఇంటివైద్యంతో కాలయాపన చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. అక్కడ యాంటీబయాటిక్ ఆలస్యం కాకూడదు.

బోరు వేసిన ప్రతివాడూ 'నా నీళ్లు నేను తోడుకుంటున్నా' అనుకుంటాడు. అడుగున నీళ్లు మాత్రం అందరివీ ఒకటే. ఒకరు అతిగా తోడితే పక్క చేను ఎండుతుంది. ఈ సంగతి అనంతపురం రైతుకు చెప్పాల్సిన పనిలేదు. యాంటీబయాటిక్ కూడా అలాంటిదే. ఈరోజు శింగనమలలో జలుబుకు వృథా అయిన మాత్ర, రేపు ఎవరింటి కాన్పులోనో అక్కరకు రావాల్సిన మాత్ర. అది ఎవరింటి కాన్పో ఎవరికీ తెలియదు. మనింటిదే కావచ్చు.